మూడు స్క్రీన్లు, ఒక మామిడి లోడు

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నా, వెబ్ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "మేడమ్, ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తాది?" ఏదైనా ఒకటి సరిగ్గా నేర్చుకోండి, రెండోది దానంతటదే వస్తుంది అంటాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. ఇంత దూరం వచ్చింది ఈ ముక్క కోసమా అన్నట్టు చూసి, కాఫీ తాగి వెళ్ళిపోతారు.

వాళ్ళకు కాఫీతో పాటు ఇవ్వవలసింది ఇంకొంచెం ఉందని ఇది రాస్తున్నాను. మొదట్లో తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పాఠం చెప్పేదాన్ని. తర్వాత అదే ఊళ్ళో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న కంపెనీలో చేరి చివరిదాకా అందులోనే ఉన్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, రాసేటన్ని రాలేదు కూడా. రాయదలచుకున్నది, బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు మునస్వామి అనే రైతు లోడు ఏమైందన్నది. మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే మూడు మాటలు నాకు అంతకుముందే తెలుసు. అవి విడివిడిగా ఎందుకుండాలో మనసుకు పట్టింది మాత్రం ఆ గేటు దగ్గరే.

ఒకే ఫైలు కాలం

మేం పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక పేజీ అంటే ఒక ఫైలు. డేటాబేస్‌ను అడిగేదీ అందులోనే, లెక్క కట్టేదీ అందులోనే, అక్షరాలకు రంగు వేసేదీ అందులోనే. సాంబారు, రసం, పాయసం ఒకే గిన్నెలో కాచినట్టు ఉండేది. అయినా పని జరిగేది కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి గదులు బుక్ చేసుకునే పేజీ చేసిచ్చాం. ఓనరు ఒకరోజు ఫోన్ చేసి, పేజీ మీద పసుపు రంగు కళ్ళకు కొడుతోంది, ఆకుపచ్చ వెయ్యమన్నాడు. మా ఆఫీసులో ఒకాయన రంగు మారుస్తూ కిందున్న లైను ఒకటి చెరిపేశాడు. గది ఖాళీగా ఉందో లేదో చూసే లైను అది. ఆ సాయంత్రం ఒకే తాళం కోసం రెండు కుటుంబాలు కౌంటరు ముందు నిలబడ్డాయి. అందులో ఒక కుటుంబమంతా అప్పుడే గుండ్లు చేయించుకుని, స్నానాలకని ఆత్రంగా వచ్చినవాళ్ళు. ఓనరు మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నేను రంగు మార్చమంటే మీరు గదులు మార్చేసినారే," అన్నాడు.

ఆయన కోపంగా కూడా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. మాకే నవ్వు రాలేదు. రంగు మార్చేవాడి చెయ్యి గదుల లెక్క మీద పడకుండా మధ్యలో ఒక గోడ ఉండాలి. మోడల్, వ్యూ, కంట్రోలర్ కలిపి ఎంవీసీ అనేదాని అసలు సంగతి ఆ గోడే. మిగతా పేర్లన్నీ తర్వాత నేర్చుకోవచ్చు.

ఇన్ని ఫోల్డర్లు యాడినుంచి వచ్చినాయి

సుకన్యది వడమాలపేట. శ్రీ సిటీలో ఫోన్లు బిగించే ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి, ఆ బస్సు ప్రయాణాలు పడలేక మానేసి, ఇంట్లో వీడియోలు చూస్తూ వెబ్ పని నేర్చుకుని మా ఆఫీసులో చేరింది. చురుకైన పిల్ల. తెలియంది తెలియదని చెప్పే ధైర్యం ఉంది. మా పనిలో అది సగం అర్హత.

మొదటి రోజు దానిచేత ఫ్రేమ్‌వర్క్ పెట్టించాను. సైటు కట్టడానికి ముందే సిద్ధం చేసిపెట్టిన చట్రం అది, ఒక కమాండ్ కొడితే కొత్త ప్రాజెక్టు తయారైంది. స్క్రీను మీద ఫోల్డర్లు వరసగా దిగాయి. పిల్ల బిత్తరపోయింది.

"మేడమ్, నేనింకా ఒక్క అక్షరం రాయలేదు. ఇన్ని ఫోల్డర్లు యాడినుంచి వచ్చినాయి?"

"అన్నీ నీకు ఇప్పుడు అక్కర్లేదు. నాలుగు చోట్లు చూడు, చాలు."

ఆ నాలుగూ ఇవే. ఎవరైనా ఒక చిరునామా కొడితే ఆ మనిషిని ఎవరి దగ్గరికి పంపాలో చెప్పేది రూటు, బస్టాండులో విచారణ కౌంటరు లాగా. వచ్చిన మనిషి అడిగింది విని, కావలసింది తెప్పించి, చేతికిచ్చి పంపేది కంట్రోలర్. సమాచారమూ, దాని మీద నడిచే నియమాలూ ఉండేది మోడల్‌లో. కంటికి కనిపించేది వ్యూ. వ్యూ తనకిచ్చింది చూపించాలి, అంతే. సొంత నిర్ణయాలు చేయకూడదు.

సుకన్యకు తన పాత ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. "మా లైన్లోగూడా అంతే మేడమ్. స్క్రూ బిగించే వాళ్ళు డబ్బాలో పెట్టకూడదు, డబ్బాలో పెట్టే వాళ్ళు స్క్రూ ముట్టకూడదు."

అర్థమైందనుకున్నాను. నిజంగానే అర్థమైంది కూడా. కానీ మేజా ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది వేరు, పక్కన మనిషి నిలబడి తొందరపెడుతున్నప్పుడు గుర్తుండేది వేరు. కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇది. మొదటి వారం గొప్ప సైట్లేవీ కట్టకండి. ఒక్క చిన్న పేజీ తీసుకుని, మనిషి చిరునామా కొట్టినప్పటినుంచి జవాబు కనబడేదాకా ఏ ఫైలు తర్వాత ఏ ఫైలు పని చేస్తుందో వేలు పెట్టి చూపించగలిగేదాకా తిప్పండి. ‘వారంలో వెబ్ డెవలపర్ కండి’ అని తిరుపతిలో వీధికొక బోర్డు ఉంది. ఆ వారం ఈ పనికి సరిపోతుంది, అంతకు మించి దేనికీ చాలదు.

ఇంకో మాట. ఫ్రేమ్‌వర్క్ మీకు ఫోల్డర్లు ఇస్తుంది కానీ, రాయకూడని చోట రాస్తే చెయ్యి పట్టుకోదు.

సున్నం గీత

మామిడి కోతల రోజుల్లో బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన తోతాపురి కాయ లోడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. గుజ్జు ఫ్యాక్టరీ లోపలికి ఒక్కో బండే పోవాలి. కాటా దగ్గర తూకమేసి, చీటీ తీసుకుని, కాయ దించాలి. ఎండలో ఒక్కోసారి ఒకటిన్నర రోజు కూడా నిలబడాల్సి వస్తుంది.

మేం పనికి వెళ్ళిన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. నిలబడిన లోడులో కాయ మెత్తబడడం మొదలైతే యార్డు మేస్త్రి వచ్చి, అక్కడక్కడా నొక్కి చూసి, ట్రాక్టరు ముందు చక్రం మీద సున్నంతో గీత గీస్తాడు. గీత పడిన బండికి ముందున్న వాళ్ళంతా దారిస్తారు. ఎవరూ గొడవపడరు. రేపు తన కాయే మెత్తబడవచ్చునని అందరికీ తెలుసు. వంతు వచ్చినప్పుడు మేస్త్రే వచ్చి, నిద్రపోతున్న డ్రైవరును కాలు తట్టి లేపేవాడు.

ఫ్యాక్టరీ మేనేజరు మధుసూదన్ దీన్నంతా ఆన్‌లైన్ చేద్దామనుకున్నాడు. రైతుకు ఫోన్లో టోకెన్ వస్తుంది. గేటు దగ్గర పెద్ద బోర్డు మీద వరస కనిపిస్తుంది, దాన్ని చూసి మైకులో నంబరు పిలుస్తారు. కాటా గదిలో ఒక కంప్యూటరు, టోకెన్ బతికి ఉంటేనే చీటీ ఇస్తుంది. పిలిచినప్పుడు రాకపోతే టోకెన్ రద్దు. గేటు బోర్డు, కాటా, రైతు ఫోను, మొత్తం మూడు స్క్రీన్లు. ఫ్రేమ్‌వర్క్‌లో చేశాం. బాగానే చేశాం. కానీ మాకిచ్చిన పనిలో సున్నం గీత సంగతి ఎవరూ చెప్పలేదు. అది వాళ్ళకు ఎంత అలవాటంటే, చెప్పాల్సిన విషయమని వాళ్ళకు తోచనే లేదు.

ఒక్క లైను

సీజను మొదలైంది. సుకన్యను ఫ్యాక్టరీ దగ్గరే ఉంచాం. ఒకరోజు మధుసూదన్ దాని కుర్చీ పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"పాపా, మెత్తబడిన లోడ్లకు గీత గీస్తాము. ఆ బండ్లు బోర్డులో పైకి రావాల. బయట అందరూ అరుస్తా ఉండారు, బిరీన కానీ."

బోర్డులో పైకి రావాలి కాబట్టి సుకన్య బోర్డు ఫైలు తెరిచింది. గీత పడిన టోకెన్లకు మేస్త్రి గుర్తు పెట్టడానికి ఒక గడి చేర్చి, ఆ టోకెన్లను పైన చూపించమని బోర్డు ఫైలులో ఒక్క లైను రాసింది. అది వ్యూ. రాసిన వెంటనే తన స్క్రీను మీది బోర్డులో బండ్లు పైకి వచ్చాయి. మధుసూదన్ భుజం తట్టి వెళ్ళాడు. మా ఓనరు చక్రపాణి తిరుపతినుంచే, "సూపర్ మా," అని దాన్ని గేటు దగ్గర లైవ్‌లో పెట్టించేశాడు. నేను వేరే పని మీద చిత్తూరులో ఉన్నాను. సాయంత్రానికి నాకు తెలిసింది పని అయిపోయిందని మాత్రమే.

‘తర్వాత ఎవరి వంతు’ అన్నది నియమం. నియమం మోడల్‌లో ఉంటే మూడు స్క్రీన్లూ దాన్నే అడిగి ఒకే జవాబు చెప్పేవి. బోర్డులో ఉంది కాబట్టి బోర్డుకు ఒక్కదానికే తెలిసింది. రైతుల ఫోన్లు పాత వరసే చూపిస్తూ ఉన్నాయి.

మునస్వామి

మునస్వామి బంగారుపాళ్యం పక్క ఊరి రైతు. ఆ ఏడు ఆయన తోటలో పెద్ద కోత అదొక్కటే, కాయంతా ఆ ఒక్క ట్రాక్టరులోనే ఉంది. లైన్లో నిలబడ్డాక కాయ మెత్తబడింది. మేస్త్రి నొక్కి చూసి గీత గీశాడు, కంప్యూటర్లో గుర్తు పెట్టాడు. బోర్డు మీద ఆయన టోకెన్ పైకి పోయింది. ఆయన ఫోన్లో మాత్రం ఇంకా బోలెడు బండ్లు ముందున్నట్టు చూపించింది. సరే, స్నానం చేసి అన్నం తిని వద్దామని డ్రైవరును బండి దగ్గర ఉంచి ఇంటికి పోయాడు.

మైకులో నంబరు పిలిచారు. డ్రైవరు ట్రాక్టరు నీడన పడుకున్నాడు. అతనికి బండి తెలుసు కానీ నంబరు తెలియదు, అది మునస్వామి ఫోన్లో ఉంది. ఎవరూ రాలేదని టోకెన్ రద్దయింది. తిరిగొచ్చిన మునస్వామి ఆఫీసులో అడిగితే, "సిస్టమ్ తీసుకోదు, కొత్త టోకెన్ తీసుకో," అన్నారు. మేస్త్రి పెట్టిన గుర్తు కొత్త టోకెన్ మీద లేదు కాబట్టి బండి వరస చివరికి పోయింది. చక్రం మీద గీత అట్లాగే ఉంది, కానీ ఇప్పుడు పిలిచేది గీతను చూసి కాదు. ఆనవాయితీ తెలిసిన పది మందీ చుట్టూ ఉండగానే ఆ లోడు ఇంకో రాత్రి అక్కడే నిలబడింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే.

మర్నాడు పొద్దున కాటా ప్రింటరు పని చేయడం లేదంటే నేనూ వెళ్ళాను. సుకన్యా నేనూ గేటు గదిలో ఉన్నాం. మునస్వామి ఒక కాయ చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బొటనవేలు కాయలోకి దిగిపోయి ఉంది.

"ఈ కంప్యూటరు సేసింది మీరేనంట గదా," అన్నాడు.

"అవునండి. ఏమైంది?"

"నా ముందర శానా బండ్లు ఉండాయని ఫోన్లో సూసే గదమ్మా నేను ఇంటికి పోయినాను. నన్ను పిల్చినారంట, నేను రాలేదంట. బోర్డు ఒగటి సెప్తాది, ఫోను ఒగటి సెప్తాది. నేను యాడ సూసేది?"

సుకన్య ఆయన ఫోను తీసుకుని చూసింది. బోర్డు వైపు చూసింది. సంగతి నాకంటే ముందు దానికే తెలిసింది.

ఆయన పాత టోకెన్‌ను డేటాబేస్‌లో నేనే చేత్తో మళ్ళీ బతికించాను. అట్లా చేయకూడదని పిల్లలకు చెబుతాను, ఆ రోజు చేశాను. మేస్త్రి వెళ్ళి ట్రాక్టరును ముందుకు రమ్మన్నాడు. లైన్లో ఉన్నవాళ్ళు, "గీత పడిన బండి గదబ్బా, పోనీండి," అంటూ దారిచ్చారు. కాటా ముందు మేస్త్రి లోడు ఎక్కి, చెయ్యి లోపలికి పెట్టి తీశాడు. మోచేతిదాకా రసం.

"పైన ఉండేది తీసుకుంటాం మునస్వామన్నా. కిందిది రాదు."

గట్టి కాయ ఒకవైపు, కుళ్ళింది ఒకవైపు ఏరడం మొదలుపెట్టారు. వెనక బండ్ల రైతులు వచ్చి చేతులు వేశారు. నేనూ సుకన్యా కూడా ఏరాం. సగానికి కొంచెం తక్కువ లోపలికి పోయింది. మిగిలింది రోడ్డు పక్క గుంతలో తిరగబోశారు. మునస్వామి అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఖాళీ ట్రాక్టరు చక్రం మీది గీతను కాలితో తుడిచేశాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

చక్రపాణి ఫోను

చేతులు కడుక్కుంటుండగా చక్రపాణి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ లైను ఫోన్ పేజీలోగూడా కాపీ సేసి పడెయ్యమనండి. రొండు నిమిషాల పని గదా."

చక్రపాణి చెడ్డవాడు కాదు. జరిగినదానికి ఎవరు కారణమని ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. బాసుల్లో అది అరుదైన గుణం, అందుకే ఆయన దగ్గర అన్నేళ్ళు ఉన్నాను. కానీ ఆయనకు పని అంటే కనిపించేది. కనిపిస్తే అయిపోయినట్టు లెక్క. ఈ రంగంలో చాలామంది బాసులు అంతే. వాళ్ళతో వాదించడం కూడా మన ఉద్యోగంలో భాగమని చేరేటప్పుడే తెలుసుకోండి.

నేను నోరు తెరిచేలోపే సుకన్య ఫోను అడిగి తీసుకుంది.

"సార్, కాపీ సేస్తే రేపు మేనేజర్ సార్ ఇంకో మాట సెప్తాడు. దాన్ని ఒగ సోట మారుస్తాను, ఇంకో సోట మర్సిపోతాను. లైన్లో గీత పడిన బండ్లు ఇంకా ఉండాయి సార్. ఆ వంతు లెక్క మోడల్లో ఒక్క సోటే పెడతాను. అంతవరకూ బోర్డు ఆపేయమని సెప్పండి."

చక్రపాణి, "మేడమ్ ఏమంటుంది?" అన్నాడు. పక్కనుంచి, "అదే అంటుంది," అన్నాను.

మైకు ఆపించాం. మేస్త్రి పాత పద్ధతిలో బండ్ల మధ్య తిరుగుతూ డ్రైవర్లను కాలు తట్టి లేపి పంపాడు. సుకన్య బోర్డులోంచి ఆ లైను తీసేసి, ‘తర్వాతి బండి ఏది’ అన్న ప్రశ్నకు మోడల్‌లో ఒకే జవాబు రాసింది. మూడు స్క్రీన్ల కంట్రోలర్లూ ఆ జవాబునే అడిగేటట్టు మార్చింది. పిలిచినప్పుడు రాని టోకెన్ ఊరికే రద్దు కాకుండా, మేస్త్రి బండి దగ్గరికి పోయి చూశాక, ఆయన నొక్కితేనే రద్దయ్యేటట్టు చేసింది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ నడిపి చూశాను.

పొద్దు వాలేటప్పుడు మేస్త్రిని ఒక బండికి గీత గీయమన్నాం. గుర్తు పెట్టగానే బోర్డులో ఆ టోకెన్ పైకి వచ్చింది. కాటా గదిలో వచ్చింది. లైన్లో ఒక రైతు ఫోన్లో వచ్చింది. మునస్వామి ఇంకా అక్కడే ఉన్నాడు. సుకన్య ఆ ఫోను తీసుకుపోయి ఆయనకు చూపించింది.

"ఇప్పుడు మూడూ ఒగటే సెప్తాయి పెదనాయనా."

ఆయన ఫోను చూశాడు, బోర్డు చూశాడు. సరేనన్నట్టు తలూపి, మేస్త్రి వైపు తిరిగి, "ఏమప్పా, ఆ బండిని నిజంగా పిలుస్తారా?" అని అడిగాడు.

గేటు దగ్గర కుర్చీ

ఆ పేజీ తర్వాత తప్పు చెప్పలేదు. నియమాలు మారాయి, కొత్తవి చేరాయి. అన్నీ మోడల్‌లో ఆ ఒక్క చోటే మారాయి. నేను రిటైరయ్యాక ఆ పని సుకన్య చేతికి వచ్చింది. కొత్తగా చేరిన వాళ్ళను అది ముందు కంప్యూటరు ముందు కూర్చోబెట్టదు, బంగారుపాళ్యం తీసుకుపోయి ఒక పూట లైన్లో నిలబెడుతుంది. పోయిన సీజనులో నన్ను కూడా రమ్మంది.

వెళ్ళేసరికి గేటు పక్కన మునస్వామి నిలబడి ఉన్నాడు. తల మీద తువ్వాలు, జేబులో ఫోను. ట్రాక్టరు ఎక్కడో వెనక ఉంది. నన్ను గుర్తుపట్టి, "బాగుండావామ్మా?" అన్నాడు.

"బాగున్నాను. మీ వంతు ఇంకా రాలేదు కదా, ఎండలో ఎందుకు? ఫోన్లో కరెక్టుగానే వస్తోంది."

"కరెక్టేనమ్మా. అందరూ అట్లే అంటారు," అన్నాడు. అక్కడినుంచి కదల్లేదు.

పోయిన కాయ ఒక సీజనుది, పోయింది. మేం పోగొట్టిన రెండోది ఆయన నమ్మకం, అది తిరిగి రాలేదు. చూసి నాకు బాధేసింది. సుకన్య గేటు గదిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన పక్కన నీడలో వేసింది. ప్రతి సీజనూ వేస్తుందట. ఆయన కూర్చుని, కళ్ళు మాత్రం గేటు మీదే పెట్టుకున్నాడు.

కొత్త పిల్లల్లో ఒకమ్మాయి సుకన్య దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది. "అక్కా, పాపం ఆయనకు ఫోన్ చూడడం రాదా?"

"వస్తాది," అంది సుకన్య. "ఒకసారి చూసినాడు. అందుకే ఈడ కూర్చోనుండాడు."